ఒంటె వెనక కాళ్ళు

అల్తియూలి, పసుపు నది ఒడ్డు
మార్చి

సఫియా అక్కకి తమ్ముడు హారూన్ సలాములు.

నువ్వు అల్లి పంపిన మేజోళ్ళు అందాయి. వెచ్చగా ఉన్నాయి, కాదనను. కానీ ఆ అడ్డచారలేమిటి, మడమ దగ్గర ఆ కుచ్చులేమిటి? నాకు యాభై దాటాయని నీకు గుర్తుందా? మొన్న మసీదు మెట్ల దగ్గర బూట్లు విప్పగానే నమాజుకి వచ్చిన పెద్దమనుషులందరూ దేవుణ్ణి మరిచిపోయి నా కాళ్ళకేసి చూశారు. ఇంట్లో పిల్లి ఆ కుచ్చుల వెనకే తిరుగుతోంది. నేను ఎటు పోతే అటు వస్తోంది. మా ఆవిడ అంత భక్తిగా నా వెనక ఎప్పుడూ తిరగలేదు.

ఇక అసలు సంగతి. మా అబ్బాయి ఇల్యాస్‌కి సంబంధం కుదిరింది. పిల్ల మెంగ్దా ఊరిది, పేరు ఆసియా. పనిమంతురాలు. మావాడు ఆ పిల్లని చూసి వచ్చిన దగ్గర్నుంచి తినే రొట్టెకి బదులు చెయ్యి కొరుక్కుంటున్నాడు. పెళ్ళి చలికాలంలో. అయితే పిల్ల తాత ఇస్‌హాక్ ఒకే ఒక్క షరతు పెట్టాడు. మేం మాట్లాడ్డానికి వెళితే టీ కూడా పొయ్యకుండా అడిగాడు.

"మిగతా కబుర్లు తర్వాత. పెళ్ళిలో ఒంటె ఆట ఉందా లేదా?"

"ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఎవరు ఆడుతున్నారు తాతా?" అన్నాడు మా బావమరిది.

"మా పెద్దమ్మాయి పెళ్ళికి లేదు. అప్పుడు సర్కారువాళ్ళు ఆడనివ్వలేదు, నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఆడనిస్తున్నారుగా! సమర్‌ఖండ్ నుంచి మన పెద్దలు ఎలా వచ్చారో ఆడి చూపించకుండా పిల్లని గడప దాటిస్తే దాన్ని పెళ్ళంటారా? బస్సెక్కించడం అంటారు. ఒంటె లేకపోతే పిల్ల లేదు."

నేను ఛాతీ మీద చెయ్యి వేసుకుని చెప్పాను. "తాతా, ఈ చుట్టుపక్కల ఒంటె అంటే నేనే."

కాబట్టి ఆ విషయంలో ఏ ఇబ్బందీ లేదు. నువ్వు బెంగ పెట్టుకోకు.

చిన్న మాట ఒకటి అడుగుతాను. మన ఊటలో పడుకుని ఉండే పాత రాతి ఒంటె, మనం పెద్దవాళ్ళమయ్యాక పగిలిపోయిందే, దాని తల ఎటు ఉండేది? పడమటికే కదా? సమర్‌ఖండ్ వైపు. నువ్వు చిన్నప్పుడు రోజూ అక్కడే ఉన్ని ఉతికేదానివి, నీకు తెలియనిదేముంది? "పడమర" అని స్పష్టంగా, పెద్ద అక్షరాలతో రాసి పంపు. కింద నీ వేలిముద్ర కూడా వెయ్యి. ఊరికే, సరదాకి.

నీ తమ్ముడు
హారూన్


గుల్జా, ఇలీ లోయ
ఏప్రిల్

తమ్ముడు హారూన్‌కి అక్క దీవెనలు.

ఇల్యాస్ పెళ్ళి మాట విని నా కళ్ళు చెమర్చాయి. ఆ పిల్ల ముక్కు ఎలా ఉంటుంది, నవ్వితే ఎలా ఉంటుంది, రొట్టె ఎంత పల్చగా చేస్తుంది, ఒక్కటి రాశావా? కోడలి గురించి మూడే ముక్కలు. పగిలిపోయిన రాయి గురించి మాత్రం సగం కాగితం. పైగా వేలిముద్ర. నన్ను కోర్టుకెక్కిస్తావా ఏం?

నాకు వయసు మీద పడింది గానీ బుర్ర పని చేస్తూనే ఉంది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను పెళ్ళయి ఇలీకి వచ్చిన దగ్గర్నుంచి నువ్వు రాసిన ప్రతి ఉత్తరం చివరా "దావూద్ కూడా సలాం చెప్పమన్నాడు" అని ఉండేది. నీకు జ్వరమొచ్చి ఉత్తరం ఆలస్యమైతే ముందు అతను రాసేవాడు. ఈసారి అతని పేరే లేదు. ఒంటె అంటే నేనే అన్నావట. ఒంటెకి నాలుగు కాళ్ళు. నీకు రెండే. మిగతా రెండూ ఎక్కడ?

దావూద్‌తో ఏం జరిగిందో రాయి. అది రాసేదాకా నీ రాతి ఒంటెకి తల ఉండేదో లేదో కూడా నేను చెప్పను.

మేజోళ్ళు తొడుక్కో. చలికాలంలో పుట్టినవాడివి, నీ కాళ్ళు ఎప్పుడూ మంచుగడ్డలే. పిల్లికి నా ముద్దులు.

అక్క


అల్తియూలి
జూన్

అక్కకి సలాములు.

ఆసియా ముక్కు బాగానే ఉంది. ఉండాల్సిన చోటే ఉంది.

దావూద్ గురించి రాయమన్నావు, రాస్తున్నాను. రాస్తుంటేనే ఒళ్ళు మండుతోంది. కొత్త రాతి ఒంటెని చెక్కించి ఊటలో పెడతామని పైనుంచి ఒక అధికారి వచ్చాడు. పాత ఒంటె తల ఎటు ఉండేదో పెద్దలు చెప్పండి అన్నాడు. నేను లేచి "పడమటికి" అన్నాను. నా వెనకాల నుంచి "తూర్పుకి" అని ఒక గొంతు వచ్చింది. తిరిగి చూద్దును గదా, దావూద్!

మన సలార్ల కథ నీకు నేను చెప్పాలా? కరమాంగ్, అహ్‌మాంగ్ అన్నదమ్ములు సమర్‌ఖండ్ వదిలి వచ్చారు. తెల్ల ఒంటె మీద ఖురాను, ఆ ఊరి మట్టి మూట, ఆ ఊరి నీళ్ళు. ఎక్కడి మట్టి ఈ మట్టితో, ఎక్కడి నీళ్ళు ఈ నీళ్ళతో సరితూగితే అక్కడ ఉండిపోవాలని. ఇక్కడికొచ్చేసరికి చీకటి పడి ఒంటె తప్పిపోయింది. దివిటీలు పట్టుకుని వెతికారు. తెల్లారి చూస్తే ఊటలో పడుకుని రాయైపోయి ఉంది. మట్టి సరిపోయింది, నీళ్ళు సరిపోయాయి, మనం ఉండిపోయాం. ఇంతే కదా? మరి పుట్టిన చోటు వదిలి అంత దూరం వచ్చిన ఒంటె, రాయైపోయే ముందు ఒక్కసారి తల తిప్పి ఇంటివైపు చూసుకోదా? నేను అధికారికి అదే చెప్పాను. గొంతు కూడా కొంచెం వణికించాను.

దానికి వాడేమన్నాడో తెలుసా? అందరి ముందూ!

"ఒంటేమన్నా పుట్టింటి మీద బెంగ పెట్టుకున్న కొత్త కోడలా? తూర్పుకి నడుస్తూ వచ్చింది, తూర్పుకే పడుకుంది. వెనక్కి నడిచే ఒంటెని ఎక్కడైనా చూశావా?"

"నువ్వెప్పుడూ వెనకే ఉంటావు, నీకేం కనిపిస్తుంది?" అన్నాను.

అంతే, పదిమందీ నవ్వారు. వాడు టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ఊరు రెండైంది. పడమటి వాళ్ళు మా అరుగు మీద కూర్చుంటున్నారు, తూర్పు వాళ్ళు వాళ్ళ అరుగు మీద. మా వాళ్ళు ఎక్కువ. మా ఇంట్లో వాల్‌నట్లు పెడతాం.

వాడు లేకపోతే ఆట ఆగిపోతుందా? వెనక కాళ్ళే కదా. తిరగేసిన గొర్రెతోలు కోటు కప్పుకుని వంగి నడవడమే. దానికి పెద్ద చదువులు కావాలా? ఎవడో ఒకణ్ణి పట్టుకుంటాను. ముందుకాళ్ళూ తలా నావి. లోకం చూసేది వాటినే.

"పడమర" అని రాయి అక్కా.

హారూన్


గుల్జా
జూలై

హారూన్‌కి.

ఒంటె మూపురం దగ్గర ఆగిపోయిన ఫోటో మాట నాకెందుకు రాయలేదు?

ఆశ్చర్యపోకు. దావూద్ కూడా నాకు ఉత్తరం రాశాడు. నీకంటే ముందే రాశాడు. "తూర్పు" అని రాసి పంపమని, వేలిముద్ర వెయ్యమని. మీరిద్దరూ విడిపోయినా బుర్ర మాత్రం ఇద్దరికీ ఒక్కటే ఉన్నట్టుంది. నువ్వు రాస్తావేమోనని ఇన్నాళ్ళూ ఆ మాట నేనూ దాచాను. నువ్వు రాయలేదు. కాబట్టి అతను రాసిన ముక్క ఉన్నదున్నట్టు ఇక్కడ దింపుతున్నాను.

"సఫియక్కా, పత్రికవాళ్ళు మా ఆటని ఫోటో తీశారు. అచ్చులో ఒంటె మూపురం దాకానే వచ్చింది. కింద హారూన్ పేరు వేశారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, కాగితంలో చోటు చాలలేదేమో. నేను టీ తాగడానికి వెళితే అది వాడింటి గోడ మీద, గుమ్మానికి ఎదురుగా అంటించి ఉంది. మిగతా ఒంటె ఏదిరా అని నవ్వుతూనే అడిగాను. ముఖ్యమైన భాగం వచ్చిందిగా అన్నాడు. ముప్పై ఏళ్ళ నాటి నుంచి, ఆడనిచ్చినప్పుడల్లా వాడి నడుం పట్టుకుని నడిచాను అక్కా. వాడు వెల్లుల్లి తిని వచ్చిన రోజు కూడా నడిచాను."

ఇప్పుడు తెలిసిందా ఈ తూర్పూ పడమరా ఎక్కడ మొదలయ్యాయో? చిన్నవాడివైతే నీ చెవి మెలిపెట్టి దావూద్ ఇంటి గుమ్మం దాకా ఈడ్చుకుపోయేదాన్ని. ఇలీలో ఉన్నాను కాబట్టి బతికిపోయావు.

ఇక మీ రాయి. నిజం చెబుతాను, ఇద్దరూ వినండి. నేను దాని మీద ఉన్ని ఉతికాను, తడి ముసుగులు ఆరేశాను, అమ్మ తిట్టినప్పుడు దాని మీద కూర్చుని ఏడ్చాను. ఇటు చివరా కూర్చున్నాను, అటు చివరా కూర్చున్నాను. నీళ్ళకీ, ఆడవాళ్ళ చేతులకీ అరిగి అరిగి రెండు చివరలూ ముద్దలా గుండ్రంగా ఉండేవి. నువ్వు తల అన్నది దావూద్‌కి తోక. నువ్వు తోక అన్నది దావూద్‌కి తల. అసలు తల ఏదో మన అవ్వకి కూడా తెలియదు.

పోనీ పడమటికే ఉందనుకో. అప్పుడు ఆ ఒంటె మాట విన్నది మా ఇలీ సలార్లమే. మా అత్తింటి ముత్తాతలు మీ ఊరు వదిలి సమర్‌ఖండ్ దారిలో సగం దూరం వెనక్కి వచ్చి ఇక్కడ ఆపిల్ తోటలు వేసుకున్నారు. మమ్మల్ని చూసి మీరు బుద్ధి తెచ్చుకోవాలి.

ముందు ఆ ఫోటో గోడ మీంచి తియ్యి.

అక్క


అల్తియూలి
సెప్టెంబరు

అక్కకి.

ఫోటో తీశాను. వెనక గోడ తడిసి పెచ్చులూడుతోందని తీశాను. నువ్వు చెప్పావని కాదు.

వాడు నీకు రాయడం ఏమిటి? నా అక్కకి! సొంత అక్క లేకపోతే లేకపోవచ్చు, ఊళ్ళో వాళ్ళ అక్కల్ని పంచుకుంటారా ఎవరైనా?

వెనక కాళ్ళ కోసం కాళ్ళరిగేలా తిరిగాను. మొదట మా బావమరిదిని పెట్టాను. కోటు కప్పుకోగానే నిద్రపోయాడు. నడుస్తూ నిద్రపోయే మనిషిని నేను మొదటిసారి చూశాను. తర్వాత మాంసం కొట్టు హంజాని అడిగాను. బలమైన మనిషి, బాగా నడిచాడు. కానీ నేను కుడికాలు వేస్తే అతనూ కుడికాలే వేస్తాడు. "ఒంటె అలాగే నడుస్తుందిరా" అంటాడు. నడుస్తుందేమో, మేం మాత్రం పక్కకి దొర్లి మిరపకాయల బుట్టలో పడ్డాం. చివరికి మా ఆవిడే "నేను దూరతాను పట్టు, ఈ ఇంట్లో వెనక నడవడం నాకు కొత్తా?" అంది. ఆమె మాటలో ఏదో గుచ్చుకుంది గానీ పట్టించుకోలేదు.

దావూద్ ఉన్నప్పుడు ఇదంతా ఎలా జరిగేదో నాకు అర్థం కావడం లేదు. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు తిరగాలో నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పకుండానే అయిపోయేది.

ఏదైనా సరే, నాకు ఇంకో ఉపాయం తట్టింది. మనుషులతో ఈ గోలెందుకు? కైదాం వైపు నుంచి ఒక మంగోలు వర్తకుడు ఈ దారిన వస్తున్నాడు. అతని దగ్గర నిజమైన ఒంటె ఉంది. రెండు మూపురాలది. పెళ్ళిదాకా ఉంచుకుంటాను. నిజం ఒంటె నడిచి వస్తే ఇస్‌హాక్ తాత నోరు తెరుచుకుని ఉండిపోతాడు. ఇక ముందు కాళ్ళు, వెనక కాళ్ళు అన్న గొడవే ఉండదు. అన్నీ దానివే.

హారూన్


గుల్జా
సెప్టెంబరు చివర

హారూన్,

వద్దు.

ఇక్కడ మా పక్కింటివాళ్ళకి ఒంటె ఉండేది. అందుకే చెబుతున్నాను. వద్దు. ఈ ఉత్తరం ఒంటె కంటే ముందు చేరాలని దువా చేస్తున్నాను.

అక్క


అల్తియూలి
అక్టోబరు

అక్కా,

నీ ఉత్తరం ఒంటె వచ్చిన మర్నాడు అందింది.

ఏం రాయమంటావు? తల కొట్టేసినట్టుంది. ఊరంతా ఎర్రగా ఉండే కాలం ఇది, నీకు తెలుసుగా, ప్రతి డాబా మీదా మిరపకాయలు. ఆ ఒంటె వస్తూ వస్తూనే మా గోడ మీంచి మెడ చాచి, ఎండబెట్టిన మిరపకాయలు చాప చాపంతా నమిలేసింది. నమిలాక ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత పలకరించడానికి వచ్చిన ఇమాం గారి మీద ఉమ్మేసింది. అక్కడినుంచి పరుగు. సందుల్లోంచి, వాల్‌నట్ చెట్ల కిందనుంచి, సులేమాన్ మాస్టారి బడి వరండా మీంచి తిన్నగా పోయి, నేను అబద్ధం చెప్పడం లేదు అక్కా, మన ఊటలోకి దిగి పడుకుంది!

ఊరు ఊరంతా వచ్చేసింది. ఆడవాళ్ళు బిస్మిల్లా అంటున్నారు. సులేమాన్ మాస్టారి కళ్ళలో నీళ్ళు. "చరిత్ర తిరిగొచ్చింది" అంటున్నాడు. ముందు ఒళ్ళు గగుర్పొడిచినా, ఆ తర్వాత అందరం చూసింది ఒక్కటే. తల ఎటుందీ అని. పడమటికి ఉంది! మా వాళ్ళు కేకలు వేశారు. అంతలో అది కడుపులో మంటకి ఇటు దొర్లింది. తూర్పు! వాళ్ళ వాళ్ళు టోపీలు ఎగరేశారు. మళ్ళీ దొర్లింది. ఈసారి దక్షిణానికి, మా వంటింటి వైపు. దక్షిణం గురించి ఎవరికీ ఏ అభిప్రాయమూ లేదు కాబట్టి అందరూ నోరు మూసుకున్నారు.

వర్తకుడు రొప్పుకుంటూ వచ్చి జనాన్ని చూసి బిత్తరపోయాడు. "ఎవరయ్యా మీరంతా? ఎక్కణ్ణుంచి వచ్చారు?" అన్నాడు పాపం.

అది ఆటలో మంగోలు వేషగాడు అడిగే ప్రశ్నే కదా! ఊరంతా ఒక్క గొంతుతో, చిన్నపిల్లలతో సహా, "సమర్‌ఖండ్ నుంచి!" అని అరిచింది.

"ఎప్పుడు? ఇవాళేనా?" అన్నాడు.

ఒంటె మాత్రం లేవదు. నేను ముక్కుతాడు పట్టి ముందునుంచి లాగుతూనే ఉన్నాను. నీళ్ళు మోకాళ్ళదాకా ఉన్నాయి. నీ మేజోళ్ళ కుచ్చులు తేలుతున్నాయి. వెనక్కి వెళ్ళడానికి ఎవడికీ ధైర్యం లేదు. అప్పుడు జనంలోంచి దావూద్ వచ్చాడు. నాకేసి చూడలేదు. పంట్లాం పైకి మడుచుకుని ఊటలో దిగి, ఒంటె వెనక్కి వెళ్ళి, తోక కింద భుజం ఆనించి, నాకు బాగా తెలిసిన చిన్న కూత ఒకటి వేశాడు. ఆటలో నేను లేవాల్సినప్పుడు వేసే కూత. ఒంటె లేచింది. నేను కూడా ఉలిక్కిపడి నిటారుగా నిలబడ్డాను. వాడు చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

కబురు మెంగ్దాకి చేరింది. ఇస్‌హాక్ తాత ట్రాక్టరెక్కి వచ్చాడు. "నిజం ఒంటె ఎవడిక్కావాలయ్యా? నిజం ఒంటె రాయైపోయింది, దాని పని అయిపోయింది. నాకు నాలుగు కాళ్ళూ మనుషులవే కావాలి. నీ కాళ్ళు రెండు కనిపిస్తున్నాయి. మిగతా రెండూ ఎక్కడున్నాయో చూసుకో. లేదంటే పిల్లకి వేరే సంబంధం చూస్తాను" అని చెప్పి పోయాడు.

ఇల్యాస్ నాతో మాట్లాడ్డం మానేశాడు. రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. వాడి మొహం చూస్తే నాకు భయమేస్తోంది అక్కా. నా మాట వల్ల వాడి పెళ్ళి పోతుందేమో. ఏం చెయ్యమంటావు?

హారూన్


గుల్జా
నవంబరు

నా బంగారు తమ్ముడికి,

నవ్వి నవ్వి నా పక్కటెముకలు నొప్పి. చివరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ఇల్యాస్‌ని తలుచుకుంటే మనసు మనసులో లేదు.

మన కథ నాకు చెప్పావు కదా మొన్న, ఇప్పుడు నేను నీకు చెబుతాను. అవ్వ ఆడపిల్లలకి చెప్పే కథ ఇది. మగపిల్లలకి చెబితే మొహం మాడ్చుకుంటారని చెప్పేది కాదు.

ఒంటె ఎందుకు తప్పిపోయిందో ఎప్పుడైనా ఆలోచించావా? చీకటి పడింది అంటారు. దారంతా ఎన్ని చీకట్లు పడలేదు? మిగతా రోజుల్లో తప్పిపోలేదే? అవ్వ చెప్పిందేమిటంటే, ఆ వేళ అన్నదమ్ములిద్దరూ అలిగారట. దేనికో ఆమెకీ తెలియదు, రొట్టె ముక్క గురించే అయి ఉంటుంది అనేది. కరమాంగ్ ముందు నడుస్తున్నాడు. తాడు తమ్ముడి దగ్గరుందనుకున్నాడు. అహ్‌మాంగ్ వెనక నడుస్తున్నాడు. తాడు అన్న దగ్గరుందనుకున్నాడు. మాట్లాడుకోవడం లేదు కాబట్టి ఒకరినొకరు అడగలేదు. ఒంటె ఎంచక్కా తన దారిన తను పోయింది.

చూసుకునేసరికి ఒంటె లేదు. దివిటీలు వెలిగించి చెరోవైపు వెతికారు. చీకట్లో ఇక ఎంతసేపని బిగుసుకుని ఉంటారు? ఒకడు పిలిచాడు, "కనిపిస్తోందా?" అని. రెండోవాడు "లేదు" అన్నాడు. ఈ నేల మీద మనవాళ్ళు పలికిన మొదటి మాటలు అవేనట. ఆ తర్వాతే మట్టి తూచారు, నీళ్ళు తూచారు, ఊరు కట్టారు, మనం పుట్టాం. గొప్ప గొప్పవాళ్ళు తాడు వదిలేస్తే మన జాతి వచ్చింది తమ్ముడూ. ఆ అలక తీరబట్టి నిలిచింది.

నువ్వేం చెయ్యాలో నీకు తెలుసు. నా చేత చెప్పించుకోవాలని చూస్తున్నావు, చెబుతాను. దావూద్ ఇంటికి వెళ్ళు. ముందు కాళ్ళు అతనికి ఇచ్చెయ్యి. నువ్వు వెనక్కి వెళ్ళు. నీకది ఎంత కష్టమో నాకు తెలుసు. పాలు తాగే వయసులో కూడా నిన్ను వీపున కట్టుకుంటే ముందుకి కట్టమని ఏడ్చేవాడివి. నీ వల్ల కాదనే నాకు అనుమానం. నా అనుమానం తప్పని నిరూపించు.

ఆ బస్సులో నా నడుం ఆగదు. రాలేను. పెళ్ళికి ఎండు ఆపిల్ ముక్కలు పంపుతున్నాను. ఫోటో ఒకటి తీయించి పంపండి, ఈసారి మూపురం దగ్గర కొయ్యకుండా.

అక్క


అల్తియూలి
జనవరి

అక్కకి సలాములు.

పెళ్ళయిపోయింది! కోడలు ఇంట్లో ఉంది. రొట్టె పల్చగా చేస్తుంది, నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది, పిల్లి ఆమె వెంట తిరుగుతోంది. చాలా, ఇంకా రాయనా?

ఆట బాగా జరిగింది. బాగా అంటే ఎవరూ అనుకున్నట్టు జరగలేదు. దావూద్ వచ్చాడు. నేను వెళ్ళి పిలిచాను. ఏమని పిలిచానో నువ్వు అడగకు. వాడు నా మాట పూర్తిగా విని, "వెల్లుల్లి తినకపోతే వస్తా" అన్నాడు. వారం రోజులు ముట్టలేదు.

వాకిట్లో జనం. సులేమాన్ మాస్టారు కరమాంగ్ వేషంలో తలపాగాతో, మాంసం కొట్టు హంజా మంగోలు వేషంలో. మేం కోట్లు కప్పుకుని లోపలికి వచ్చాం. ఏమైందో ఏమో, ఒంటెకి తిక్క పట్టింది. ముందు భాగం ఆగితే వెనక భాగం తోసింది. ముందు భాగం సిగ్గుపడి వెనక్కి నడిచింది. టీ గిన్నెలు పెట్టిన బల్లని ఒరుసుకుంటూ పోయి, గుండ్రంగా తిరిగి, గేటులోంచి వీధిలోకి వెళ్ళిపోయింది. "పోతోంది పోతోంది, మళ్ళీ సమర్‌ఖండ్ పోతోంది!" అని జనం కేకలు. మాస్టారు తలపాగా పట్టుకుని వెనకాల పరుగు. లోపల ఒకటే చీకటి, ఉన్ని వాసన, నాకేమీ కనపడలేదు. "కనిపిస్తోందా?" అని ఒకరం అడిగాం. "లేదు" అని ఒకరం అన్నాం. ఇక నవ్వాపుకోలేకపోయాం. ఒంటె కడుపులోంచి నవ్వులు వినిపించేసరికి జనం కింద పడి దొర్లారట.

ఎలాగో తిరిగొచ్చాం. హంజా అడిగాడు, "ఎవరు మీరు? ఎక్కణ్ణుంచి వస్తున్నారు?" మాస్టారికి ఆయాసంతో మాట రాలేదు. ఒంటే చెప్పింది, రెండు వైపుల నుంచీ, ఒక్కసారే. ఇస్‌హాక్ తాత కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. "ఇదీ అసలు ఆట! ఒంటె తిన్నగా నడిచొచ్చిందని చెప్పిందెవడు? తిన్నగా నడిచుంటే మనం ఇక్కడెందుకుంటాం?" అన్నాడు. పిల్లలకి వాల్‌నట్లు చల్లారు. కొన్ని ఒంటెకి తగిలాయి.

పెళ్ళికొడుకు తండ్రికి మసి పూయడం ఆచారం కదా, నా మొహానికి మాత్రం మసి అంటలేదు. ఎలాగో తప్పించుకున్నాను.

కొత్త రాతి ఒంటె సంగతి కూడా తేలిపోయింది. ఇద్దరం కలిసి ఆ అధికారి దగ్గరికి వెళ్ళాం. ఒళ్ళు తూర్పుకి పెట్టమన్నాం, మెడ వెనక్కి తిప్పమన్నాం. అది ఇంటివైపు చూస్తోందని నేనంటాను. తన వెనక కాళ్ళు ఉన్నాయో లేదో చూసుకుంటోందని దావూద్ అంటాడు.

ఫోటో పంపుతున్నాను. తల నుంచి తోకదాకా వచ్చింది. మొహాలు కనపడవు. ఎవరెక్కడున్నారని మాత్రం అడగకు. ఒంటె అంటే ఒంటే.

దావూద్ కూడా సలాం చెప్పమన్నాడు.

హారూన్


గుల్జా
ఫిబ్రవరి

తమ్ముడు హారూన్‌కి, తమ్ముడు దావూద్‌కి అక్క దీవెనలు.

ఫోటో అందింది. నేను ఏమీ అడగలేదు. చూశాను, అంతే.

ముందు నిలబడేవాడికి కోటులో చూడ్డానికి కంత ఉంటుంది. నీకేమీ కనపడలేదని నువ్వే రాశావు. మసి పూసేవాళ్ళు ఎప్పుడూ ఒంటె తల ఎత్తి చూసి, లోపలున్నవాడికి పూస్తారు. ఈసారి తలలో దొరికిన పాపం ఎవరో తెల్ల గడ్డానికి మసి అంటించుకుని ఇంటికి వెళ్ళి ఉంటాడు. ఇవన్నీ చాలలేదనుకో, ఫోటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. ఒంటె వెనక కాళ్ళకి అడ్డచారల మేజోళ్ళున్నాయి. మడమ దగ్గర కుచ్చులున్నాయి.

అప్పుడు ఆ ఫోటో పట్టుకుని కిటికీ దగ్గరే కూర్చున్నాను. ఇలీలో బాగా మంచు కురుస్తోంది. ఏడ్చాను కూడా, దాచడమెందుకు? అమ్మ బతికుంటే ఆ ఫోటో చూసి ఏమనేదో అనుకున్నాను. ఇక్కడ మా ఇంట్లో గుమ్మానికి ఎదురుగా అంటించాను. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను. వెనక కాళ్ళు నా తమ్ముడివి అని చెబుతుంటే నాకెంత గర్వంగా ఉందో నీకు చెప్పినా అర్థం కాదు.

ఈ పొట్లంలో రెండు జతల మేజోళ్ళు పంపుతున్నాను. ఒకటి నీకు, ఒకటి దావూద్‌కి. రెండింటికీ అవే చారలు, అవే కుచ్చులు. పిల్లి ఇద్దరి వెనకాలా తిరగాలి. ఇకమీదట ఎవరు ముందో ఎవరు వెనకో ఫోటోలో నేను కూడా కనిపెట్టలేకపోవాలి.

అక్క
సఫియా